మెడ మీద చెయ్యి

పోయిన వారం మనవాళ్ళని చింకిచొక్కా కనుమ మీద, మొహాన ఇసుక చల్లినట్టు కొడుతున్న మంచుపలుకుల వానలో నిలబెట్టి వచ్చేశాం. ముగ్గురు మనుషులు, ఒంటెకి చుట్టమైన, బరువులు మోసే పొడుగుమెడ లామాలు నాలుగు, ఒక చచ్చిన ఎల్క్ దుప్పి. లామాలు తోలే వెర్లన్ టింగీకి అరవై నాలుగేళ్ళు. అతని భార్య లరూకి తమ్ముడు గార్న్, యాభై దాటినవాడు. వేట చూపించడం గార్న్ పని. మూడోవాడు అతిథి, ఆస్కెల్ స్కోగ్. గోడ గడియారాలు బాగుచేసి బతికానని, లామా అనే జంతువుని పుట్టి బుద్ధెరిగాక చూడలేదని చెప్పుకుని వేటకొచ్చిన పెద్దమనిషి. నాలుగో రోజు ఆయన దుప్పిని కొట్టాడు. తుపాకీ పేలడంతో వేటగాడి కష్టం తీరింది. లామాలు తోలేవాడి కష్టం అప్పుడే మొదలైంది.

ఎముకలు తీసేసినా మాంసం రెండువందల నలభై పౌండ్లు తూగింది. ఆ కొండల్లో పెరిగిన లామా ఒక్కోటి అరవై పౌండ్లు మోస్తుంది. అరవై రెండు పెడితే ఆలోచనలో పడుతుంది. అరవై ఐదు పెడితే కాళ్ళు మడుచుకుని దారి మధ్యలో కూర్చుంటుంది. ఇక దాన్ని లేపడం కంటే కొండకి నచ్చచెప్పి పక్కకి జరపడం సులువు. అందుకని మాంసమంతా లామాల మీదికి, డేరా, గిన్నెలు, దుప్పట్లు, గొడ్డలి మనుషుల మీదికి ఎక్కాయి. దుప్పి కొమ్ములు గార్న్ వీపున కట్టుకున్నాడు. వెనకనుంచి చూస్తే నారింజరంగు చొక్కా తొడుక్కున్న దుప్పి ఒకటి రెండు కాళ్ళ మీద ఇంటికి పోతున్నట్టుంది.

ఐదో రోజు పొద్దుటినుంచీ దిగుతూనే ఉన్నారు. ఆ దిగుడు ఎంత నిటారుగా ఉంటుందంటే వెనకవాడి బూటు ముందువాడి టోపీ మీద దుమ్ము దులుపుతుంది. చలికి గార్న్ మీసం గాజులా బిగిసిపోయి, ఒక్క తుమ్ముకి సగం విరిగి రాళ్ళలో పడింది. మిగతా సగమైనా ఇంటికి చేరాలని ఇక తుమ్మనని ఒట్టేసుకున్నాడు. వెర్లన్ మోకాళ్ళు ఎక్కేటప్పుడు ఒక రకంగా, దిగేటప్పుడు ఇంకో రకంగా తిడుతుంటాయి. ఆ వేళకి వాటికి తిట్టే ఓపిక కూడా అయిపోయింది. ఎవరూ మాట్లాడడం లేదు. మాట్లాడాలంటే నోరు తెరవాలి, తెరిచాక మళ్ళీ మూయాలి. రెండు పనులు.

మధ్యాహ్నం దాటాక పలకబండకి ఇవతల ఆగారు. పలకబండ అంటే నిలువు రాతి మీద చెక్కినట్టుండే సన్నటి బాట, నూటయాభై అడుగుల పొడుగు. అది దాటితే మూడు మైళ్ళలో ట్రక్కు.

"బావా, ఐసు కట్టిందేమో చూసొస్తా. మీరు కాస్త కూర్చోండి," అని గార్న్ కొమ్ములు విప్పి బండకి ఆనించాడు.

"కూర్చుంటే లేవలేనురా. నిలబడే చస్తాను, నువ్వెళ్ళు."

"నిలబడి చస్తే మోసుకెళ్ళడం కష్టం బావా. లామాలన్నీ నిండుగా ఉన్నాయి."

గార్న్ బూట్ల చప్పుడు బండ మలుపు తిరిగి పోయింది. వెర్లన్ డీకన్ మెడ మీద చెయ్యేసి అలాగే నిలబడ్డాడు. డీకన్ అంటే అన్నిటికంటే ముందు నడిచే లామా. పద్నాలుగేళ్ళది, బూడిదరంగుది, కోర్టులో సాక్ష్యం చెప్పడానికి వచ్చినవాడిలా ఎప్పుడూ గంభీరంగా ఉంటుంది. దాని వెనక జడ్జీ, పెనం, చివర్న బిస్కట్.

ఈ బిస్కట్ గురించి రెండు ముక్కలు చెప్పాలి. కొత్తవాళ్ళు ఎవరైనా సరే, లామాని చూడగానే ముద్దొచ్చి మొహం నిమరబోతారు. లామాకి మొహం మీద చెయ్యి పడితే గిట్టదు. మిగతావి తల తిప్పుకుంటాయి. బిస్కట్ ఉమ్ముతుంది. మామూలుగా కాదు. ముప్పై అడుగుల దూరంలో పోతున్న తేనెటీగని ఉమ్మి కొట్టడం కళ్ళారా చూశానని గార్న్ ఒట్టేసి చెప్తాడు. తేనెటీగ బతికింది గానీ, ఆ ఏడాది దాని పట్టులో తేనె ఎవరూ నోట పెట్టలేదట. పచ్చగడ్డి పులిసిన ఆ కంపు చొక్కాకి పడితే మూడు ఉతుకులదాకా వదలదు. వెర్లన్‌తో కొండకొచ్చిన అతిథి ఎవడూ ఆ కంపు లేకుండా తిరిగి వెళ్ళలేదు.

ఆ బిస్కట్టే ఇప్పుడు మూలగడం మొదలుపెట్టింది. సంచి ఒక పక్కకి జారిందని వెర్లన్‌కి అర్థమైంది. జీను తోలు కిర్రుమంటోంది.

"ఆగండి స్కోగ్ గారూ, మీరు ముట్టుకోకండి. నేనొచ్చి చూస్తా," అన్నాడు.

"పర్లేదు టింగీ గారూ, మీరుండండి. ఊరికే సర్దుతాను."

వెర్లన్ చెవులు రిక్కించాడు. ఉమ్మిన చప్పుడు వస్తుందని కాచుకున్నాడు. రాలేదు. చేతి వెనక భాగం మెడ బొచ్చు మీద మెల్లగా రాసుకున్న చప్పుడు వచ్చింది. తర్వాత సంచి కొక్కేలు విడిపించిన చప్పుడు. ఒకటి, ఆ వెంటనే రెండోది.

ఇక్కడ పని తెలియనివాడైతే ఒక పక్క సంచి పూర్తిగా దింపేస్తాడు. రెండో పక్క బరువుకి జీను గిర్రున తిరిగి లామా పొట్ట కిందికి పోతుంది, లామా గంతులేస్తుంది, మనిషి పళ్ళు ఏరుకుంటాడు. ఒక్కడే ఉన్నప్పుడు ఒక సంచిని భుజంతో ఎత్తిపట్టి, రెండోదాని కొక్కెం తియ్యాలి. ఇది ఎవరో చెప్తే వచ్చేది కాదు. ఒకటి రెండు పళ్ళు పోయాక వచ్చేది.

"ఎడమది పౌండున్నర బరువెక్కువ," అని స్కోగ్ తనలో తాను గొణుక్కోవడం, ఒక మాంసం పొట్లాం ఇటునుంచి అటు మారడం వినిపించింది.

వెర్లన్ లామాల పక్కనే చెయ్యి ఆనించుకుంటూ వెనక్కి నడిచి, నడుముకి వేలాడుతున్న కొక్కెం కాటా తీశాడు. రెండు సంచులూ వరసగా తగిలించి ఎత్తాడు. కాటా ముల్లుని వేలితో తడిమాడు. ముప్పై. ముప్పై. వెంట్రుకవాసి తేడా లేదు.

కాటా మళ్ళీ నడుముకి తగిలించుకున్నాడు. తర్వాత అన్నాడు:

"స్కోగ్ గారూ, మీ దగ్గర ఉమ్మి కంపు రావడం లేదండీ."

"అయితే?"

"ఐదు రోజులైంది. మా ఊరి పాస్టరు గారికే రెండో గంటలో పడింది. మీకు పడలేదు. మీరు మొహం ముట్టుకోలేదు. ఒక్కసారి కూడా. మెడ మీద చేతి వెనక భాగం పెట్టారు. లామాని చూడనే చూడలేదన్న మనిషికి అది ఎవరు నేర్పారండీ? గోడ గడియారమా?"

స్కోగ్ సంచులు మళ్ళీ జీనుకి తగిలించాడు. రెండూ ఒకేసారి తగిలించాడు, ఇక దాచిపెట్టడం ఎందుకన్నట్టు.

"ఎన్ని లామాలున్నాయి మీకు?" వెర్లన్ అడిగాడు.

"ఇరవై రెండు," అన్నాడు స్కోగ్. అలసిపోయిన గొంతు. "మోంటానా వైపు, బిటర్‌రూట్ కొండల్లో. గడియారాలు కూడా అబద్ధం కాదండీ. ముప్పై ఏళ్ళ కిందట చేసేవాణ్ణి."

"మరి వేట?"

"దుప్పిని కొట్టాలని నాకేం లేదు. గార్న్ గారు చూపించారు, కొట్టకపోతే అనుమానం వస్తుందని కొట్టాను. పాపం దుప్పి."

"నా లామాల్ని చూడ్డానికొచ్చావన్నమాట." వెర్లన్‌కి తెలియకుండానే మర్యాద జారిపోయింది. "పెళ్ళిచూపులకి వచ్చి, మంచినీళ్ళ కోసం ఆగానన్నట్టు. ఎవరు పిలిచారు నిన్ను?"

"మీ ఆవిడ. ఉత్తరం రాశారు."

వెర్లన్ నవ్వబోయాడు. నవ్వు సగం దూరం వచ్చి ఆగిపోయింది. కింద బండ కోసం చేత్తో వెతుక్కుని కూర్చున్నాడు. లేవలేనని తెలిసీ కూర్చున్నాడు.

"లరూనా?"

"ఆవిడే. మామూలుగా కొనడానికొస్తే మీరు తరిమేస్తారని రాశారు. ఇంతకుముందు ముగ్గుర్ని తరిమారట కదా."

తరమడమా! మొదటివాడితో, ఈ లామాలు భజన పాడితే తప్ప గడ్డి ముట్టవని చెప్పి మూడు గంటలు పాడించాడు. లామాలు తిన్నాయి, వాడి గొంతు పోయింది. రెండోవాడి చేతికి కొట్టం వెనక ఒక తాడిచ్చి, అటు కొసన మంచి లామా ఉంది, మొండిది, వదలకుండా లాగు అన్నాడు. అటు కొస బండకి కట్టి ఉంది. సాయంత్రందాకా లాగాడు, బండ ఒక అంగుళం కదిలింది కూడా. మూడోవాణ్ణి బిస్కట్‌కి పరిచయం చేశాడు, అంతే. ఊరంతా ఏడాదిపాటు చెప్పుకుని నవ్వింది. లరూ కూడా నవ్విందనుకున్నాడు.

"నాలుగిటినీ ఇచ్చేస్తానందా?"

"నాలుగిటినీ. కింద ట్రక్కు సిద్ధంగా ఉంటుంది. ఇంకోసారి మీరు ఈ కొండెక్కకూడదని ఆవిడ పంతం. మోకాళ్ళు అని రాశారు."

"గార్న్‌గాడికి తెలుసా?"

"తెలుసు."

వెర్లన్ తలూపాడు. ఇంట్లో ఉప్పు డబ్బాకి కూడా తెలిసే ఉంటుంది. తనొక్కడికే తెలియదు.

"సరే, చూశావుగా. ఎలా ఉన్నాయి నా పిల్లలు?"

"జడ్జీ మంచిది. పెనం ఇంకో పదేళ్ళు మోస్తుంది. బిస్కట్‌కి నోరెక్కువ, పని ఉంది." స్కోగ్ కూడా మెల్లగా పక్క బండ మీద కూలబడ్డాడు. ఆయనకీ అరవై ఎనిమిది. "డీకన్ గురించే నాకు అర్థం కాలేదు. మూడు రోజులు అర్థం కాలేదు. నిన్న అర్థమైంది."

వెర్లన్ బూటు తాళ్ళు వెతుక్కుని బిగించుకున్నాడు.

"టింగీ గారూ, నేను అబద్ధమాడాను, ఒప్పేసుకున్నాను. ఇప్పుడు మీ వంతు."

"నా వంతు ఏంటి?"

"లామాలు తోలేవాడు ముందు నడుస్తాడు. తాడు వదులుగా పట్టుకుని, నాలుగడుగులు ముందు. మీరు పక్కన నడుస్తారు. చెయ్యి ఎప్పుడూ డీకన్ మెడ మీదే. మొదట్లో ముద్దు అనుకున్నాను. అది ప్రతి రాయి దగ్గరా ఆగుతుంది. ముసలితనం, కళ్ళు పోతున్నాయేమో అనుకున్నాను. నిన్న నా గొడ్డలి దారిలో పడేశాను, కావాలనే. డీకన్ చూసింది. కళ్ళు దానికి గద్దలా ఉన్నాయి. చూసి ఆగింది. మీరు బూటుతో తడిమి, పిడి తగిలాక, దాటారు. దాటాక గానీ అది కదల్లేదు."

"మంచులో ఎవరికి కనిపిస్తుందండీ గొడ్డలి?"

"నిన్న ఆ వేళకి మంచు లేదు. ఎండ కాసింది."

వెర్లన్ మోకాలు రుద్దుకున్నాడు.

"కోకో పోసేటప్పుడు గ్లాసులో వేలు పెట్టుకుంటారు. కాటా ముల్లుని చూడరు, తడుముతారు. వచ్చేటప్పుడు ఇదే పలకబండ మీద మీరు చివర్న వచ్చారు, బిస్కట్ తోక పట్టుకుని. ఎవరూ బిస్కట్ తోక పట్టుకోరండీ, ప్రాణం మీద ఆశ ఉన్నవాళ్ళు. మొన్న గార్న్ గారు 'అదిగో బావా దుప్పుల మంద' అన్నప్పుడు మీరు 'అబ్బ, ఎంత పెద్దదో' అని అటు చూశారు. మంద ఇటు ఉంది." స్కోగ్ గొంతులో వెక్కిరింపు లేదు. అందుకే వినడం ఇంకా కష్టంగా ఉంది. "డీకన్‌కి కళ్ళు పోలేదు. మీకు పోయాయి."

వాన ఆగినట్టుంది. ఎక్కడో రాయి మీదినుంచి నీరు చుక్కచుక్కగా పడుతోంది. అయిదు రోజుల అలసటా, దాని కింద ఉన్న రెండేళ్ళ అలసటా ఒక్కసారే వెర్లన్ భుజాల మీదినుంచి జారి ఒళ్ళో పడ్డట్టయింది. కోపం తెచ్చుకుందామని చూశాడు. దానికీ ఓపిక కావాలి.

"పూర్తిగా పోలేదు," అన్నాడు చివరికి. "గొట్టంలోంచి చూసినట్టు ఉంటుంది. మధ్యలో కాస్త. మంచి ఎండ ఉంటే నీ టోపీ కనపడుతుంది. మబ్బు పట్టిందా, గొట్టం మూసేసినట్టే. ఇవాళ పొద్దుటినుంచీ ఏమీ లేదు."

"ఎన్నాళ్ళైంది?"

"రెండేళ్ళు దాటింది. డాక్టరు దగ్గరికెళ్ళాను. ట్రాక్టరు బెల్టు కొనుక్కొస్తానని లరూకి చెప్పి వెళ్ళాను. ఆయన ఇంతే ఇక అన్నాడు. వచ్చేటప్పుడు బెల్టు కొనడం మర్చిపోయాను. దానికి తిట్లు తిన్నాను, హాయిగా అనిపించింది."

"డీకన్‌కి ఎలా నేర్పారు?"

"నేర్పడమేంటి? ఉప్పుబండ వాగు దగ్గర ఒకరోజు రాయి తగిలి బోర్లా పడ్డాను. అది నా పక్కన కాళ్ళు మడుచుకుని కూర్చుంది, నేను లేచేదాకా. ఆ మర్నాటినుంచి ఆగడం మొదలుపెట్టింది. దాని ఆలోచన దానిదే. నేను చేసిందల్లా చెయ్యి వెయ్యడమే." గొంతు తగ్గించి అన్నాడు, "స్కోగ్ గారూ, మూడిటినీ తీసుకెళ్ళండి. జడ్జీని, పెనాన్ని, ఆ ఉమ్ముల వెధవని. డీకన్‌ని వదిలెయ్యండి. అది పోతే నేను కొండకే కాదు, కొట్టందాకా కూడా వెళ్ళలేను."

స్కోగ్ డీకన్‌వైపు చూశాడు.

"నా మందలో ముందు నడిచే లామా పోయిన చలికాలం చచ్చిపోయింది," అన్నాడు. "ఇరవై రెండు ఉన్నాయి, ముందు నడిచేది ఒక్కటీ లేదు. డీకన్ కోసమే వచ్చాను, నిజం చెప్తున్నా. అయినా మీ చేతికిందినుంచి దాన్ని లాక్కుని పోవడానికి నాకు మనసొప్పదు. కానీ నోరు మూసుకుని పోవడానికి కూడా ఒప్పదండీ. వచ్చే నెల ఇంకో అతిథి వస్తాడు. వాడికి మీ వెనకాల నడుస్తున్నానని తెలుసు. మీరు ఎవరి వెనకాల నడుస్తున్నారో తెలియదు. పలకబండ ఎక్కేలోపు గార్న్ గారికి మీరు చెప్పండి. మీరు చెప్పకపోతే నేను చెప్తాను."

"గార్న్‌కి తెలిస్తే లరూకి తెలిసినట్టే."

"తెలియనివ్వండి."

"తనకి తెలిస్తే నన్ను కుర్చీలో కూర్చోబెడుతుంది, స్కోగ్ గారూ. చేతికి గ్లాసు అందిస్తుంది. అన్నం కలిపి ఇస్తుంది. నలభై ఏళ్ళలో నేను ఆవిడని వాగులు దాటించాను, కొండలెక్కించాను. ఇప్పుడు ఆవిడ నన్ను వాకిలి దాటించాలా?"

స్కోగ్ బూట్లు రాయికేసి కొట్టుకున్నాడు. బండ మలుపు అవతల గార్న్ అడుగులు వినిపించాయి. పరుగులాంటి నడక. దగ్గరికొచ్చాక ఊపిరి ఎగపోస్తూ నిలబడ్డాడు.

"పద బావా, మబ్బు ఇంకా దిగిపోతోంది. ఐసు పెద్దగా లేదు గానీ, మధ్యలో బయటి అంచు కాస్త కూలింది. అక్కడ గోడవైపు ఒరుసుకుని పోవాలి."

"సరే."

"తాళ్ళు విప్పేస్తున్నా." జడ్జీకీ డీకన్‌కీ మధ్య ముడి విప్పిన చప్పుడు. తర్వాత పెనానిది. విడిచిన డీకన్ వచ్చి వెర్లన్ పక్కన నిలబడింది, కూర్చున్నచోటినుంచే అతని చెయ్యి దాని మెడ మీదికి పోయింది. పలకబండ మీద లామాల్ని ఒకదానికొకటి కట్టి నడిపించకూడదు, ఒకటి జారితే మిగతా మూడూ వెంట పోతాయి. మనిషి ముందు ఒంటరిగా దాటాలి, దాటాక అవతలనుంచి ఒక్కొక్కదాన్నే పేరుపెట్టి పిలవాలి. పాతికేళ్ళ కిందట ఆ పద్ధతి పెట్టింది వెర్లనే.

"వచ్చేటప్పుడు నేను ముందెళ్ళాను కదా, పోయేటప్పుడు నువ్వు. నీ పిలుపైతేనే డీకన్ కదుల్తుంది," అన్నాడు గార్న్. అతని గొంతు ఎందుకో మామూలుగా లేదు. అలసట అనుకున్నాడు వెర్లన్. "కూలిన చోట గుర్తుకి గోడ మీది మొక్కకి ఎర్రగుడ్డ కట్టి వచ్చాను. తిన్నగా దానికేసి నడువు. అదిగో, కనిపిస్తోందా?"

వెర్లన్ గార్న్ గొంతు వచ్చినవైపు తల తిప్పాడు. ముందు బూడిదరంగు, పక్కన బూడిదరంగు. కనిపిస్తోంది అనడం ఎంత తేలికో అతనికి తెలుసు. రెండేళ్ళుగా అంటున్నాడు. దుప్పులు కనిపించాయి, పొరుగువాడి కొత్త కంచె కనిపించింది, చర్చిలో మనవరాలి కొత్త గౌను కనిపించింది. ఎంత చక్కగా ఉందో అని కూడా అన్నాడు. ఆ మాట ఇప్పుడూ నాలిక చివరికి వచ్చేసింది. వెనక స్కోగ్ బూట్లు కదలడం లేదు.

వెర్లన్ డీకన్ మెడ మీదినుంచి చెయ్యి తీశాడు.

"లేదురా గార్న్," అన్నాడు.

"సరిగ్గా చూడు బావా, ఎర్రటి గుడ్డ…"

"గుడ్డ కాదురా. బండ కూడా కనిపించడం లేదు. నువ్వూ కనిపించడం లేదు. రెండేళ్ళైంది."

గార్న్ నవ్వుతాడనుకున్నాడు. బావ ఏమన్నా నవ్వడం అతనికి చిన్నప్పటినుంచీ అలవాటు. నవ్వలేదు. ముక్కు ఎగపీల్చిన చప్పుడు వచ్చింది. తర్వాత గార్న్ వచ్చి పక్కన కూర్చున్నాడు, భుజానికి భుజం ఆనేలా.

"నేను ఏ గుడ్డా కట్టలేదు బావా."

"ఏంటీ?"

"గుడ్డ లేదు. అంచు కూలడం కూడా అబద్ధమే. బాట శుభ్రంగా ఉంది." గార్న్ చేతి తొడుగుతో మొహం తుడుచుకున్నాడు. "కనిపిస్తోందని నువ్వన్నావంటే, ఇక మారు మాట్లాడకుండా నాలుగిటినీ స్కోగ్ గారికి అప్పగించమంది అక్క. అనకూడదు దేవుడా, అనకూడదు అనుకుంటూ వచ్చాను."

వెర్లన్ చెయ్యి చాచి గార్న్ మోచెయ్యి పట్టుకున్నాడు.

"లరూకి తెలుసా?"

"నువ్వు బెల్టు లేకుండా వచ్చిన రోజే తెలుసట. నాకు ఈ వారమే చెప్పింది. ఆయనే చెప్తారని రెండేళ్ళు చూశాను, ఇక ఓపిక లేదురా అని ఏడ్చింది."

రెండేళ్ళు. వెర్లన్ ఇంటిని తలుచుకున్నాడు. గుమ్మం దగ్గర చెప్పులు ఎప్పుడూ ఎడమవైపే. కుర్చీ పొయ్యికి ఏడడుగుల్లోనే. గ్లాసు కుళాయికి కుడిపక్కనే. రెండేళ్ళలో ఇంట్లో ఒక్క వస్తువు కూడా అంగుళం జరగలేదు. నెలకోసారి మంచాలు అటూ ఇటూ లాగి ఇల్లంతా మార్చేస్తే గానీ నిద్రపట్టని మనిషి లరూ. తనెంత బాగా నెట్టుకొస్తున్నాడో అని లోపల్లోపల పొంగిపోయాడు, పిచ్చివాడిలా. స్కోగ్ టోపీ తీసి చేతిలో పట్టుకుని, ఇది తను వినాల్సిన మాట కాదన్నట్టు లామాలవైపు తిరిగి నిలబడ్డాడు.

"నేను కనిపించడం లేదంటే ఏం చెయ్యమందిరా?"

"ఈల వెయ్యమంది."

"ఈలా?"

"అక్క పలకబండకి అవతలే ఉంది బావా. పొద్దున్నే ట్రక్కు దగ్గరినుంచి నడిచొచ్చింది."

లరూ కొండెక్కి పద్దెనిమిదేళ్ళయింది. తుంటి విరిగాక వాకిట్లో మెట్లే కూర్చుని దిగేది. వెర్లన్ ఏదో అనబోయాడు, ఈలోపే గార్న్ రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేశాడు. ఆ ఈలకి అవతలి కొండ ఉలిక్కిపడి తిరిగి మూడుసార్లు వేసింది. తర్వాత అంతా నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దంలో బండ మీద అడుగులు మొదలయ్యాయి. ఎడమకాలు కాస్త ఈడ్చే అడుగు, వెయ్యిమందిలో ఉన్నా పోల్చుకుంటాడు. దాని పక్కన ఇంకో అడుగు ఉంది. మెత్తటిది, నాలుగు కాళ్ళది. వెర్లన్ తల వంచి విన్నాడు. ఆ కొండల్లో తిరిగే ప్రతి లామా అడుగూ అతనికి తెలుసు. ఇది తెలియదు. చిన్న వయసుది, తేలికైనది.

"గార్న్, మీ అక్క ఏ లామాని తెస్తోందిరా?"

గార్న్ లేచి నిలబడ్డాడు. బండ మలుపుకేసి చూస్తూ ఉండిపోయాడు.

"ఏంట్రా?"

"అక్క…" గార్న్ ఒక అడుగు ముందుకేశాడు. "అక్క కళ్ళకి గుడ్డ కట్టుకుని, కొత్త లామా మెడ మీద చెయ్యేసుకుని వస్తోంది బావా."

మెత్తటి అడుగులు రెండు పడి, డీకన్ ఆగినట్టే ఆగాయి. ఈడ్చుకుంటూ ఒక కాలు వచ్చి వాటి పక్కన చేరింది. మళ్ళీ రెండు అడుగులు.